పాటలో జారిపోయిన మాట

పుష్య బహుళ ఏకాదశి

నడిసముద్రంలో ఇనపమేడ, నీళ్ల గది. రాస్తున్నది ఓలేటి సత్యవేణి.

నీళ్లలో ఉప్పు లేదు. పై తొట్టి నిండుగా ఉంది. రెండో పంపు మూలుగుతుంటే నూనె వేశాను.

రోజూ రాసేది ఇంతే. ఈరోజు ఇంకొకటి రాయాలి. పొద్దున నరసయ్య చినమావయ్య వల బాగుచేస్తూ కూర్చున్న చోటే పక్కకి ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు కదులుతోంది, మాట రావడం లేదు. మేడ మీది నర్సు రేడియోలో ఒడ్డున ఉన్న డాక్టరుని అడిగి మందు వేసింది. ప్రాణానికి భయం లేదట. మాట సంగతి మాత్రం చెప్పలేనన్నాడట.

ఆయన నా భర్త కామరాజుకి చిన్నాన్న. అంతకన్నా ముఖ్యం, సముద్రం నీళ్లని మంచినీళ్లు చేసే మా యంత్రం తాళం ఆయన నోట్లోనే ఉంది. అవి ఇరవై నాలుగు మాటలు. ప్రతి మాఘ పౌర్ణమి లోపల ఆ మాటల్ని వరుస తప్పకుండా యంత్రం తెర మీద కొట్టాలి. కొట్టకపోతే ఆగిపోతుంది. మర్చిపోయామని మొరపెట్టుకోవడానికి ఆఫీసు లేదు. అమ్మినవాడి దగ్గర కూడా మారుతాళం లేదు. కొన్నప్పుడు దాన్నే గొప్పగా చెప్పారు, ఈ యంత్రం మీద మీకు తప్ప దేవుడికి కూడా అధికారం ఉండదని.

మాటలు కాగితం మీద పెట్టకూడదని మా కట్టుబాటు. తూర్పున ఉన్న మేడవాళ్లు రాసి దాచుకుంటే ఎవడో ఫొటో తీసుకుపోయాడు. అందుకని మేం ఇద్దరి నోళ్లలో దాచుకున్నాం. రెండో మనిషి సూరాడ పైడమ్మ మొన్నటి తుపానులో కొట్టుకుపోయింది. ఆమె చోట ఎవరిని పెట్టాలా అని పెద్దలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

మాఘ శుద్ధ విదియ

పై తొట్టి నిండుగా ఉంది. వడపోత పొరలు పాతబడ్డాయి. కడిగి మళ్లీ వేశాను. కొత్తవి సరుకు పడవలో రావాలి.

చినమావయ్యకి మాట రాలేదు గాని పాట వస్తోంది. మొదట కనిపెట్టింది ఆయన కూతురు కనకరత్నం. మేడ మీద పిల్లలకి చదువు చెప్పేది ఆమే. పెళ్లి చేసుకోలేదు, తండ్రిని కనిపెట్టుకుని ఉంటుంది. గంజి తాగిస్తుంటే ఆయన వల లాగేటప్పుడు పాడే పదం అందుకున్నాడట. మంచినీళ్లు కావాలని చెప్పలేని మనిషి, పాటలో మాత్రం ఒక్క అక్షరం తడబడడం లేదు.

రత్నం నన్ను పిలిచింది. తలుపు మూసుకుని విన్నాం. ఆయన ఇన్నేళ్లూ తాళం మాటల్ని వల పాటలో గుచ్చి దాచుకున్నాడు. ఒక్కో లాగుకి ఒక్కో మాట, చివర హైలెస్సా. ఆ మాటలు ఇక్కడ రాయను. వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నాం. ఒకచోట మాత్రం మాట లేదు. రాగం ఉంది, లాగు ఉంది. నోరు తెరిచి ఊఁ అని మూలిగి తర్వాతి మాటకి వెళ్లిపోతాడు. పదే పదే పాడించాం. ప్రతిసారీ అక్కడే జారిపోతున్నాడు. చివరికి ఆయనకే తెలిసింది. ఎడమ చేత్తో నోటి మీద కొట్టుకుని ఏడ్చాడు.

మాఘ శుద్ధ తదియ

మేడ పెద్ద పంతాడి వీర్రాజు అందర్నీ కూర్చోబెట్టాడు. తాళం మాటలన్నీ ఒక జాబితాలోంచి తీసినవే. అందులో రెండువేల పైచిలుకు మాటలున్నాయి. జారిపోయినది వాటిలో ఏదో ఒకటి. ఒక్కొక్కటే కొట్టి చూద్దామంటే యంత్రం రోజుకి మూడు తప్పుల కంటే ఎక్కువ ఒప్పుకోదు.

దివి గట్టు మీద రహమాన్ సాయిబు అని యంత్రాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. రేడియోలో అడిగాం. తన దగ్గర పుట్టిన దగ్గర్నుంచి నెట్ ఎరగని కంప్యూటరు ఉందని, మిగతా మాటల్లో దాగిన లెక్కని బట్టి అది ఒక్క పూటలో మాట పట్టేస్తుందని అన్నాడు. కాని మాటలు రేడియోలో చెప్పొద్దన్నాడు, ఏ తెర మీదా కొట్టొద్దన్నాడు. ఒక మనిషి నోట పెట్టుకుని రావాలి.

కామరాజు వెళతానన్నాడు. చిన్నాన్న పక్కన కూర్చుని పాట నేర్చుకున్నాడు. సాయంత్రం గాలికి తెరచాప ఎత్తాడు. గాలి నిలిస్తే పౌర్ణమి లోపల వెళ్లి రావచ్చు.

మాఘ శుద్ధ దశమి

గాలి పడిపోయింది. సముద్రం నూనె పోసినట్టు ఉంది. కామరాజు రేడియోలో దొరికాడు. సగం దూరం కూడా పోలేదట, తెడ్లు వేసుకుంటూ పోతున్నాడట.

మేడ మీద అందరి ముఖాలూ మారాయి. బిందెలు, సీసాలు, చివరికి పిల్లల స్నానాల తొట్లు కూడా నింపి పెట్టుకుంటున్నారు. వీర్రాజు రత్నం ఇంటికి మాటిమాటికీ వెళ్లి వస్తున్నాడు. పోయిన మాటలు వెతికిపెట్టే పనిముట్టు నెట్‌లో ఉందని ఎవరో ఆయనకి చెప్పారు. ఉన్న మాటలు కొడితే లేనిది చెబుతుందట, ఉచితంగా. రత్నానికి ఇష్టం లేదు. నా దగ్గరికి వచ్చి అడిగింది. పడవ వచ్చేదాకా ఆగమన్నాను.

"పడవ రాకపోతేనో ఒదినా? పిల్లలకి ఏటి చెప్పను?"

తొట్టి కొలిచి రాసుకోవడానికి వచ్చేశాను.

మాఘ శుద్ధ ద్వాదశి

మాట దొరికింది.

రత్నం తెలివితక్కువ మనిషి కాదు. ముందు బడి నీళ్ల తొట్టికి ఉన్న చిన్న తాళం మాటలు కొట్టి, అందులో ఒకటి కావాలని వదిలేసి చూసిందట. పనిముట్టు సరిగ్గా చెప్పింది. అది వాడుకున్నవాళ్లు రాసిన మెచ్చుకోళ్లన్నీ చదివింది. మీ మాటలు మీ ఫోను దాటి ఎక్కడికీ పోవని పేజీ మీద పెద్దక్షరాల్లో ఉంది, నమ్మకం లేకపోతే నెట్ ఆపేసి వాడుకోమని కూడా ఉంది. రత్నం నెట్ ఆపేసి తండ్రి మాటలు కొట్టింది. అలాగే పనిచేసింది. జారిపోయిన మాట తెర మీద కనబడింది.

వీర్రాజు, రత్నం, నేను యంత్రం ముందు నిలబడ్డాం. రత్నం కొట్టింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. వచ్చే మాఘం దాకా ఢోకా లేదు. వీర్రాజు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. బయట ఎవరో డప్పు తీశారు. ఆడవాళ్లు రత్నం నెత్తిన మంచినీళ్లు గుమ్మరించారు. నేను కూడా ఒక చెంబు పోశాను.

కామరాజుని వెనక్కి వచ్చెయ్యమని వీర్రాజు కబురు పెట్టాడు.

మాఘ బహుళ తదియ

కామరాజు వచ్చాడు. చేతులు బొబ్బలెక్కాయి. ఊరంతా సంబరంగా ఉంటే ఆయన మాత్రం వలల మీద కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. తిరుగుదారిలో రహమాన్ సాయిబుకి రేడియోలో సంగతి చెప్పాడట. ఆ మాటలు నెట్ పేజీలో కొట్టారా అని సాయిబు అడిగాడు. నెట్ ఆపేసి కొట్టామని చెబితే, తర్వాత ఎప్పుడో ఒకప్పుడు నెట్ పెట్టి ఉంటారు కదా అన్నాడు. పేజీ తాను విన్నది మర్చిపోదు, నెట్ రాగానే తన యజమానికి చెప్పేస్తుంది. తాళం దొంగ చేతిలో ఉన్నట్టే లెక్క. ఇంకా వాడుకోలేదంటే దేనికో కాచుకుని ఉన్నాడు. ఈ రాత్రికే యంత్రాన్ని కొత్త మాటల మీదికి మార్చుకోండి అన్నాడు సాయిబు.

నేను పరుగెత్తుకుంటూ వీర్రాజు దగ్గరికి వెళ్లాను. ఆయన కొట్టిపారెయ్యలేదు. మార్చాల్సిందే అన్నాడు. పెద్దల్ని పిలిచాడు. కొత్త మాటలు ఎవరి నోట్లో పెట్టాలన్న దగ్గర ఆగిపోయారు. మేడ మీద పడమటి వరస ఇళ్లవాళ్లు తమ మనిషి ఒకరుండాలన్నారు. తూర్పు వరసవాళ్లు ఒప్పుకోలేదు. మళ్లీ ఓలేటివాళ్ల ఇంట్లోనేనా అని ఒకాయన అడిగాడు. దీపాలు ఆర్పేసే వేళకి, రేపు చూద్దామని లేచారు.

మాఘ బహుళ పంచమి

ఇంకా తేలలేదు.

సరుకు పడవ వచ్చింది. కొత్త వడపోత పొరలు తెచ్చింది. ఏడాది పాటు అందరం కూడబెట్టుకున్నది వాటికే పోయింది. తెల్లగా, అరటి దూట లోపలి పొరల్లా ఉన్నాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనే బిగించాను. ఇన్నేళ్లలో నీళ్లు ఇంత తియ్యగా ఎప్పుడూ రాలేదు. కామరాజు ఒక గ్లాసు తాగి, నవ్వి, మళ్లీ నవ్వు ఆపుకున్నాడు.

మాఘ బహుళ షష్ఠి

పొద్దున నీళ్ల గది తలుపు తీసేసరికి యంత్రం నడుస్తూనే ఉంది. మా గొట్టంలోకి మాత్రం చుక్క రావడం లేదు. తయారైన నీళ్లన్నీ కింద, ఓడలు వచ్చి నీళ్లు నింపుకునే రేవు తొట్టిలోకి పోతున్నాయి.

గొట్టం మీది చక్రం తిప్పబోయాను, కదలలేదు. తెర మీద యజమాని పేరు ఉండేచోట ఇనపమేడ అని లేదు. ఒక పొడుగాటి అంకెల తోక ఉంది. రత్నం వచ్చి మాటలు కొట్టింది. ఈ మాటలు ఈ యంత్రానివి కావు అంది తెర. మళ్లీ కొట్టింది. మూడోసారి కొట్టబోతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాను. వరుసలో తప్పు లేదు. తప్పు లేదని ఆమెకీ తెలుసు.

దొంగ కాచుకున్నది కొత్త పొరల కోసం. బిగించింది నేను.

మాఘ బహుళ సప్తమి

యంత్రాన్ని పగలగొడదామని కుర్రాళ్లు గునపాలు తెచ్చారు. అడ్డం నిలబడ్డాను. దాని పొట్ట ఎవరైనా బలవంతంగా తెరిస్తే లోపలి పొరల మీద ఆమ్లం పడి మాడిపోతాయి. దొంగల నుంచి కాపాడడానికని అలా కట్టారు. ఆ సంగతి చెబితే గునపాలు దించారు.

కింద రేవు తొట్టికి వేరే తాళం, ఇనప గోడ. వాటి అధికారం కూడా యంత్రానిదే.

కొత్త యజమానికి ఉత్తరం పంపే దారి తెర మీదే ఉంది. రత్నం రాసింది. ఇక్కడ వంద గడపలున్నాయని, చంటిబిడ్డలున్నారని, యంత్రం ఉంచుకున్నా తాగడానికి మటుకు వదలమని. వెంటనే జవాబు వచ్చింది. మనిషి రాసింది కాదు. ధన్యవాదాలు, మీ ఓడ పేరు, కావలసిన నీళ్ల పరిమాణం తెలపండి అని, కింద ధర. ఆ ధరకి మా పడవలన్నీ అమ్మినా పది రోజులు తాగలేం.

మాఘ బహుళ దశమి

ఇంటింటికీ తిరిగి నీళ్లు ఒకచోట చేర్చాం. మనిషికి పూటకి ఒక గ్లాసు. బట్టలు, గిన్నెలు సముద్రం నీళ్లతోనే. పిల్లల పెదవులు పగులుతున్నాయి.

మధ్యాహ్నం ఒక సరుకుల ఓడ వచ్చి రేవులో ఆగింది. గొట్టం తగిలించుకుని మా నీళ్లు నింపుకుంది. మేడ అంచుల నిండా మనుషులు నిలబడి చూశారు. ఓడ మీద మనిషి ఒకడు తలెత్తి మాకు చెయ్యి ఊపాడు. కామరాజు కిందికి దిగి సంగతి చెప్పుకున్నాడు. ఓడ కెప్టెను మర్యాదగానే విన్నాడట. తాను డబ్బిచ్చి కొన్న నీళ్లు, అమ్మినవాడెవరో తనకి తెలియదన్నాడు. నాలుగు డబ్బాలు ఊరికే ఇచ్చాడు. ఇంకా నాలుగు ఇవ్వబోతే అతని పైవాడెవరో రేడియోలో వద్దన్నాడు.

రత్నం ఇంటి తలుపు మీద ఎవరో పేడరంగు గుమ్మరించారు. ఆ పనిముట్టు వాడమని ఆమె వెంటపడ్డ వీర్రాజు ఆ దారిన పోతూ అటు చూడలేదు. కొత్త మాటలు ఎవరికివ్వాలని కొట్టుకున్నవాళ్లు కూడా ఆమెనే తిడుతున్నారు. నేను గుడ్డ తడిపి తుడవబోయాను. తడపడానికి నీళ్లు దండగని ఆమే ఆపింది.

మాఘ బహుళ చతుర్దశి

శివరాత్రి. ఉపవాసమని చెప్పుకోవడానికి ఒక పండగ దొరికింది.

చినమావయ్య నీళ్ల చెంచా తీసుకోవడం మానేశాడు. పళ్లు బిగించి ముఖం గోడవైపు తిప్పుకుంటున్నాడు. ఎందుకో అర్థమై రత్నం బతిమాలింది, కోప్పడింది, చెంచా పట్టుకుని అలాగే కూర్చుంది. సాయంత్రం ఆయన సన్నగా పాట ఎత్తాడు. మేం వద్దనలేదు. జారిపోయే చోటికి వచ్చాడు. లాగు పడింది. ఆ చోట స్పష్టంగా ఆవాలు అన్నాడు. ఆవాలు, హైలెస్సా.

ఇప్పుడు రాయొచ్చు. ఆ మాట అదే.

ఆయన కళ్లు మెరిశాయి. ఎడమ చేత్తో కూతురి చెయ్యి పట్టుకుని ఊపాడు, వెళ్లి కొట్టమన్నట్టు తలుపు వైపు చూపించాడు. యంత్రం పోయిన సంగతి ఆయనకి ఎవరం చెప్పలేదు. నీళ్లు తక్కువయ్యాయని మాత్రమే తెలుసు. తనవల్లే అనుకుంటున్నాడు.

"ఆయ్ నాన్నా, ఎల్తన్నాను" అంది రత్నం. లేచి బయటికొచ్చింది. గోడకి ఆనుకుని కాసేపు నిలబడింది. లోపలికి వెళ్లి, దీపం వెలిగింది నాన్నా అని చెప్పింది. అప్పుడు ఆయన నోరు తెరిచాడు. తన వంతు గ్లాసు మొత్తం ఆయనకి తాగించింది.

ఫాల్గుణ శుద్ధ పాడ్యమి

తెల్లవారుజామున చినమావయ్య పోయాడు. స్నానం చేయించడానికి మంచినీళ్లు లేవు. సముద్రం నీళ్లతోనే చేయించి, సముద్రంలోనే వదిలాం. పడమటి వరసవాళ్లు రాలేదు.

మధ్యాహ్నం వీర్రాజు మేడ ఖాళీ చేద్దామన్నాడు. ఈసారి ఎవరూ వాదించలేదు.

ఫాల్గుణ శుద్ధ తదియ

ఈ రాత పడవలో రాస్తున్నాను. వెనక్కి చూస్తే మేడ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. యంత్రం ఆగలేదు. దానికి మేం ఉన్నా లేకపోయినా ఒకటే.

రత్నం మా పడవలోనే ఉంది. వేరే ఎవరూ ఎక్కించుకోలేదు. కామరాజు ఆమెని అడిగాడు, ఎందుకమ్మా అలా చేశావని కాదు, చలేస్తోందా అని. అప్పుడు ఏడ్చింది. మేడ మీద ఒక్కసారి కూడా ఏడవలేదు.

ఫాల్గుణ శుద్ధ అష్టమి

ఒడ్డు శిబిరం. ఇనప కంచె, ఒకటే గేటు. కంచె అవతల నీళ్ల ట్యాంకరు కనబడుతోంది, కొళాయి కింద నేల తడిగా ఉంది. మా పడవలో నీళ్లు నిన్నటితో అయిపోయాయి.

గేటు దగ్గర కుర్చీలో ఒకతను, ముందు బల్ల మీద తెర. మా బతుకుల్లో ఎవరికి వాళ్లకి సొంత తాళం మాటలు కూడా ఉంటాయి. కూలి పడేది, పేరు రుజువయ్యేది, ఉన్న నాలుగు రూపాయలు దాగేది వాటి మీదే. లోపలికి రావాలంటే ఆ మాటలు తెర మీద కొట్టాలట. కొడితే పేరు సరిచూసి చీటీ ఇస్తారు. చీటీ ఉంటే నీళ్లు.

వరుసలో మాకు ముందు రత్నం ఉంది. బల్ల దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఈ తెర ఎవరిదండి?"

"శిబిరానిదమ్మా."

"కొట్టిన మాటలు ఎక్కడికి పోతాయండి?"

అతను చెడ్డవాడిలా లేడు. పొద్దుటి నుంచి మాట్లాడి గొంతు పోయింది. "నాకు తెలీదమ్మా. పైనుంచి పంపారు, పెట్టాం. అందరూ కొడతన్నారు. ఎనకాల చూడండి ఎంతమందున్నారో."

రత్నం వెనక్కి తిరిగి చూసింది. తర్వాత వరుస వదిలేసి కంచె పక్కన ఇసకలో వెళ్లి కూర్చుంది. కామరాజు పిలిచినా లేవలేదు. వీర్రాజు ఆమె పక్క నుంచి వచ్చి తన మాటలు కొట్టి లోపలికి పోయాడు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు కొట్టారు, చంటిబిడ్డల తల్లులు, గునపాలు తెచ్చిన కుర్రాళ్లు. కామరాజు కొట్టాడు.

నా వంతు వచ్చింది. రహమాన్ సాయిబు చెప్పింది గుర్తుంది. నాలుక అంగిటికి అంటుకుపోయి ఉంది. కొట్టాను. నా సొంత మాటలు ఇరవై నాలుగూ ఒక్కటి తప్పకుండా కొట్టాను. ఆకుపచ్చ గుర్తు పడింది. చీటీ ఇచ్చాడు.

రెండు చెంబులు తాగాక చూపు నిలిచింది. మూడో చెంబు కంచె దగ్గరికి పట్టుకెళ్లాను. సందులోంచి ఇస్తే అందుకుంది. తాగకుండా రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది.

"ఎవరెవరు కొట్టారొదినా?"

"అందరం."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత చెంబెత్తి తాగింది.